మింగని గుక్క

కింది అర్రలో, ఇసుకలో సగం దాకా పాతిన జాడీ ముందు గొంతుక్కూర్చుని, గిద్యోను మైనం ఊడదీస్తున్నాడు. చాకు మొనను జాడీ మూతి చుట్టూ తిప్పుతూ, ఊడిన పెళ్లలను ఎడమ అరచేతిలోకి తీసుకుంటున్నాడు. చేతులకు ఈ పని ఎంత అలవాటంటే వెలుతురు లేకపోయినా చేసేస్తాయి. అయినా సెల్‌ఫోన్ లైటు వెలిగించి పక్క జాడీ మూత మీద పెట్టుకున్నాడు. వయసు మీద పడ్డాక ఆయన చేతులను నమ్మడం కూడా మానేశాడు.

అర్ర పాత మిషను బంగళా కింద ఉంది. దొరలున్న కాలంలో వెన్నా మందులూ చల్లగా ఉండాలని తవ్వించారట. దొరలు పోయారు. బంగళాలో ఇప్పుడు పాస్టరు అయ్యగారి కుటుంబం ఉంటోంది, కింద ద్రాక్షారసం ఉంటోంది. దంతాలపల్లి చుట్టుపక్కల ఊళ్లలోని గుడులన్నిటికీ, నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల మీద పెట్టే రసం ఈ జాడీల్లోంచే పోవాలి. వచ్చే ఆదివారం కోతల పండుగ. అన్ని ఊళ్ల సంఘాలూ ఒక్కచోటికే వస్తాయి. మామూలు నెలకు కావలసినదానికి ఎన్నో రెట్లు కావాలి. ఏ జాడీ తీయాలో తేల్చుకోవడానికి ఇవాళ అయ్యగారు స్వయంగా వస్తానన్నారు.

ఎండాకాలం మొదట్లో గిద్యోను జనగామ పోయి లతీఫ్ పండ్ల దుకాణంలో నల్ల ద్రాక్ష తెస్తాడు. లతీఫ్ తండ్రి కాలం నుంచీ ఆ దుకాణంతోనే బేరం. పండు చిట్లి ఉండకూడదు. తొక్క మందంగా ఉండాలి. లతీఫ్ గంపలు తానే ఏరి పక్కన పెట్టి ఉంచుతాడు. తూకం వేసేటప్పుడు ఏటా ఒకే మాట అంటాడు.

“గిద్దన్నా, నువ్ దీన్ని ఏం జేస్తవో నాకు జెప్పకు. నేను పండ్లమ్మిన. రేపు అల్లా అడిగితే గంతే జెప్త.”

గిద్యోను నవ్వి ఊరుకుంటాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకోవడమే ఆయన అలవాటు.

తెచ్చిన పండ్లను తొడిమలు తీసి, కడిగి, బట్ట మీద ఆరబెట్టి, చేత్తో పిసికి జాడీల్లో పోస్తాడు. చక్కెర కలిపి, పొద్దున పొద్దున చెక్క తెడ్డుతో తిప్పుతాడు. పొంగు చల్లారాక గుడ్డలో వడగట్టి, మూతి కట్టి, మైనం పోసి ఇసుకలో దింపుతాడు. ఆ తర్వాత ఇసుక ఎండిపోకుండా నీళ్లు చల్లడం తప్ప చేసేదేమీ లేదు. ఒక ఏడు, రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు. ఎప్పుడు తీయాలన్నదే అసలు సంగతి. తొందరపడితే గొంతు గీరుతుంది. ఆలస్యమైతే పులిసి సిర్కా అయి కూర్చుంటుంది. ఆ సంగతి గిద్యోనుకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని ఇన్ని ఊళ్ల సంఘాలూ అనుకుంటాయి.

ఆయనకు తెలియదు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన ఆ రసాన్ని నాలుక మీద పెట్టలేదు.

మూత లేచింది. వాసన ముందు ముక్కుకు కాదు, కళ్లకు తగిలింది. గిద్యోను కాసేపు మొహం పక్కకు తిప్పుకుని, మళ్లీ వంగి చూశాడు. పొడవు కాడ గరిటెతో కొంచెం తోడి స్టీలు గ్లాసులో పోశాడు. ఎరుపు అనడానికి లేదు. మాగిన నేరేడు పండును పిసికితే వేళ్లకు అంటే రంగు. ఫోను వెలుతురు దానిలోకి పోయింది గానీ అవతలికి రాలేదు. వాసన చూశాడు. ఆయన హద్దు ముక్కు వరకే.

గ్లాసు మీద తువ్వాల కప్పి, మెట్లెక్కి, బంగళా వెనకవైపు నడిచాడు. మంచు ఇంకా విడలేదు. దూరంగా ఎవరి పొలంలోనో వరికోత మిషను చప్పుడు. గుడి ప్రహరీ ఒకచోట నడుము ఎత్తుకు కుంగి ఉంటుంది. దానికి అవతలివైపు ఆనుకుని గిద్యోను రేకుల ఇల్లు. ఇంటి ముందు ఎండ పడే చోట నులక మంచం మీద పెళ్లాం పోచమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

“తెచ్చినవా, దొంగా?” అంది. ఏటా అదే పలకరింపు.

గిద్యోను అటూ ఇటూ చూసి, గోడ మీదుగా గ్లాసు అందించాడు. ఆమె ముందు నీళ్లతో నోరు పుక్కిలించింది. తర్వాత ఒక గుక్క తీసుకుని కళ్లు మూసుకుంది. బుగ్గ ఒకసారి ఎడమకు ఉబ్బింది, ఒకసారి కుడికి. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. గిద్యోను ఆ కనుబొమలనే చూస్తున్నాడు. ఇన్నేళ్లుగా ఆయనకు తెలిసిన రుచి అంతా ఆ కనుబొమలే. ఆమె పక్కకు వంగి, పొయ్యి బూడిద పోసే గుంటలో ఊసింది. ఒక్క చుక్క మింగలేదు. ఎన్నడూ మింగదు.

“ఏమాయె?”

“ఆగరాదు, ఇంక నాలుక మీద్నే ఉన్నది.” కాసేపాగి అంది: “కోడె. ఇంక తన్నుతాంది. దీని మెడ మీద కాడేస్తే కాడే ఇరుగుతది. మల్ల మూసిపెట్టు, వచ్చే కోతలకు జూద్దాం. గా మూలది తే.”

మూల జాడీ నుంచి తెచ్చింది ఆమె నోట్లో ఎక్కువసేపు ఉంది. ఊసింది. పెదవులు తడుపుకుంది.

“ఇగ గిది ఎద్దు,” అంది చివరకు. “ముందుగాల తుమ్మచెక్క లెక్క నాలుకను పట్టుకుంటది. మల్ల నిమ్మలంగ ఇడిసిపెడ్తది. ఎన్కకెల్లి ఒక పొగవాసన. దీన్నియ్యి పండుగకు. ఇంకో ఏడు ఉంచితే కూసుంటది, ముసలెద్దు లెక్క, నీ లెక్క.”

నవ్వబోయి ఆయాసపడింది. పది రోజులుగా ఇదే. నాలుగు మాటలు మాట్లాడితే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటోంది. పక్కింటి గంగి రోజూ మొత్తుకుంటోంది, మానుకోట దవాఖానకు తీసుకుపొమ్మని. పండుగ కానియ్యి అంటుంది పోచమ్మ. నీ పండుగ గాదు గదనే అంటుంది గంగి. నాది గాకుంటే ఇంకెవల్ది అని ఎదురడుగుతుంది పోచమ్మ. 

*

పోచమ్మది ఘనపూర్ దగ్గర, తాళ్లెక్కి కల్లు గీసే వాళ్ల ఇల్లు. అక్కడ గుడి కప్పుకు రేకులు వేయడానికి కూలికి పోయినప్పుడు గిద్యోను ఆమెను చూశాడు. తాటిచెట్ల కింద కల్లు కుండల ముందు కూర్చుని, ఒక్కో కుండకూ చెవి ఆనించి వింటోంది. ఏం వింటున్నవని అడగాలనిపించింది. అడగలేదు. నాలుగో రోజు ఆమే అంది: “కుండ మాట్లాడ్తది. నీ లెక్క మూగది గాదు.”

పెళ్లి ఆమె తరఫు వాళ్ల పద్ధతిలోనే జరిగింది. ఆ తర్వాతి ఆదివారం, అప్పటి పాతయ్యగారు గుడిలో లేచి నిలబడి, అన్యురాలిని చేసుకున్నందుకు గిద్యోను ఇకనుంచి బల్ల దగ్గరికి రాకూడదని, ఆ రసం ముట్టకూడదని చెప్పారు. ప్రహరీ లోపలి గది ఖాళీ చేయించారు. పని మాత్రం తీయలేదు. తిండికి చాలని జీతానికి ఇసుక తడిపేవాడు ఇంకొకడు దొరకలేదు.

రసం ముట్టకూడదన్న మాటను గిద్యోను ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. బల్ల దగ్గర మాత్రమేనా, అర్రలో రుచి చూడటానికి కూడా వీల్లేదా అని అడగలేదు. ఆ ఏడు వాసనను బట్టి తీసిన జాడీ పులిసిపోయి ఉంది. బల్ల దగ్గర మోకరించిన పెద్దల ముఖాలు ముడుచుకోవడం ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. ఇంటికొచ్చి ఏమీ తినకుండా పడుకున్నాడు. పోచమ్మ విషయం రాబట్టి, “గింతేనా? ఓ గుక్క తే, నేను జెప్త” అంది.

“నువ్వు తాగొద్దు. అది వేరే.”

“తాగనయ్యా. మీ దేవుని నెత్తురు నాకెందుకు? నోట్లె పోసుకొని ఊస్త.”

అప్పటినుంచీ అలాగే నడిచింది. రసం బాగుందని పేరొచ్చింది. గిద్యోను చేతిలో ఏదో ఉంది అన్నారు. పాస్టర్లు మారారు. ప్రతి కొత్త పాస్టరూ వచ్చి పోచమ్మను బాప్తిస్మం తీసుకోమని అడిగాడు. ఆమె వాళ్లకు టీ పోసి పంపేది. గిద్యోను కూడా ఒకసారి అడిగాడు. గుడి వెనక సమాధుల తోటలో ఆయన అమ్మా నాయనా ఉన్నారు. వాళ్ల పక్కన ఆయనకు చోటు ఉంది. ఆయన పక్కన ఆమెకు లేదు. బాప్తిస్మం లేనివాళ్లను అక్కడ పెట్టనివ్వరు. జీవితంలో ఆయన పెళ్లాన్ని గట్టిగా అడిగింది అదొక్కటే.

పోచమ్మ చాలాసేపు ఆలోచించి చెప్పింది: “నీళ్లల్ల మునుగుడుకు నాకేం భయం లేదు. వస్త. కని నువ్వు ఒక్కపాలి మీ గుళ్లె లేసి నిలవడు. గీ రసం రుచి జూసేది నా పెండ్లం అని జెప్పు. నా పేరు వెట్టి జెప్పు. అయిన ఎన్క నన్ను ఏడ ముంచుతరో ముంచుండ్రి.”

గిద్యోను చెప్పలేకపోయాడు. అన్యురాలి నోరు చూసిన రసం అని తెలిస్తే ఎంగిలి అంటారు. జాడీలన్నీ మట్టిలో పారబోస్తారు. పని పోతుంది. వచ్చే పండుగకు చెప్తా అన్నాడు. తర్వాతి పండుగకు కూడా అదే అన్నాడు. పిల్లలు పుట్టలేదు. జుట్టు నెరిసింది. ఆమె మళ్లీ గుర్తు చేయలేదు. ఈ పది రోజుల ఆయాసంలోనే మళ్లీ ఆ మాట ఎత్తింది.

ఇప్పుడు గ్లాసు గోడ మీద పెట్టి అడిగింది: “ఇయ్యాల జెప్తవా మరి?”

“జెప్త.”

“గుళ్లె నిలవడి గాకున్నా, గాయనకన్న జెప్పు. కొత్తాయన మంచోని లెక్కనే కనవడ్తాండు. మొన్న నన్ను అమ్మా అన్నడు.”

“జెప్తనంటిగదనే.”

“అంటవ్. పొద్దు వొడిసినకాడికెల్లి గూకెదాకా అంటనే ఉంటవ్,” అని దుప్పటి మీదికి లాక్కుంది.

*

అయ్యగారు మంచు విడిచి ఎండ చురుక్కుమనే వేళకు వచ్చారు. పేరు ప్రభుదాసు. మనిషి చిన్నవాడు, నవ్వుముఖం. వెంట సంఘ పెద్ద వీరేందర్ ఉన్నాడు. వరి కోయించి సరాసరి వచ్చినట్టున్నాడు, చొక్కా మీద పొట్టు ఉంది. అర్రలో ముగ్గురు పట్టరని గిద్యోను మూల జాడీ రసం చెంబులో తోడి పైకి, బంగళా వెనక అరుగు మీదికి తెచ్చాడు. కుంగిన గోడ అక్కడికి పిలుపు దూరం కూడా ఉండదు. గోడ అవతల మంచం కిర్రుమన్న చప్పుడు గిద్యోనుకు వినబడింది.

అయ్యగారు గ్లాసును ఎండకు ఎత్తి చూశారు. ఒక గుక్క తాగి కళ్లు పెద్దవి చేశారు.

“అబ్బా! గిద్దన్నా, గిది మామూలుగ లేదు. వీరేందరన్నా, జర తీస్కో.”

వీరేందర్ గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. “చాతిల దీపం వెట్టినట్టున్నది,” అన్నాడు. “కోతలు గోసి గోసి ఉన్నోళ్లకు గీ మాత్రం ఉండాలె. గిద్దెడు వోస్తే ప్రసంగంల ఎవడన్న నిద్రవోతడేమో గనీ.”

అయ్యగారు నవ్వారు. గ్లాసులో మళ్లీ కొంచెం పోసి గిద్యోను వైపు చాచారు. “నువ్వు గూడ తీస్కో అన్నా. చేసినోనివి నువ్వే తాగకపోతే ఎట్ల?”

“నాకు లేదు అయ్యగారూ.”

“ఏంది లేదు?”

“రసం ముట్టొద్దన్నరు. పాతయ్యగారు.”

ప్రభుదాసు ఆయన ముఖంలోకి కాసేపు చూశారు, పరాచికమేమో అన్నట్టు. “ఆయన చనిపోయి ఎన్నేండ్లాయె? నీ తర్వాత మారు పెండ్లి జేసుకున్నోళ్లు, బయట జేసుకున్నోళ్లు, అందరు బల్లకొస్తనే ఉన్నరు గద! ఎవలన్న వద్దన్నరా?”

“అన్లే.”

“మరి నువ్వు అడిగినవా?”

గిద్యోను నేల వైపు చూశాడు. అయ్యగారు చాచిన గ్లాసును అరుగు మీద పెట్టారు.

“సరే, దాని సంగతి నేను జూస్త,” అన్నారు అయ్యగారు మెల్లగా. “ముందైతే గిది జెప్పన్నా. ఏ జాడీ ఎప్పుడు తియ్యాల్నో నీకు ఎట్ల తెలుస్తది? నేను ఇంతకుముందున్న కాడ సీసాల తెప్పిచ్చేటోళ్లం, అంత తియ్యగ, దగ్గుమందు లెక్కుండె. ఇది ఎట్ల జేస్తవ్?”

అడిగేశారు. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ ఎప్పుడూ అడగలేదు.  మాట నాలుక కొసకు వచ్చిందని ఆయనకే తెలిసింది. పోచమ్మ. మూడక్షరాలు. గోడ అవతల అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆయాసపు ఊపిరి కూడా వినబడటం లేదు. ఆమె ఊపిరి బిగబట్టి వింటోందని అనుకున్నాడు. వీరేందర్ మూతి తుడుచుకున్న చెయ్యి కనిపించింది. పారబోసిన జాడీలు కనిపించాయి.

“అలవాటు అయ్యగారూ,” అన్నాడు. “చేసి చేసి.”

“అదే అనుభవం అంటే,” అని అయ్యగారు ఆయన భుజం తట్టారు.

వాళ్లు ఆ జాడీ ఏ రోజు తీయించాలో మాట్లాడుకుంటూ గుడి ముందువైపు వెళ్లారు.

*

గిద్యోను చెంబు, గ్లాసు పట్టుకుని చిన్న గేటు చుట్టూ తిరిగి ఇంటికి వచ్చాడు. గోడ దగ్గరికి పోయి నిలబడే ధైర్యం చాలలేదు.

పోచమ్మ మంచం మీద పడుకోలేదు. కాళ్లు నేల మీద ఆనించి, రెండు చేతులూ మంచం పట్టెల మీద పెట్టి కూర్చుని ఉంది.

“మంచిగున్నదన్నడు,” అన్నాడు గిద్యోను.

“ఇన్న.”

“నువ్వు జెప్పిందే ఖాయం జేసిండు.”

“ఇన్ననయ్యా. గోడ పక్కనే గద.”

తిడుతుందని చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండును. ఆమె చెంబు వైపు చెయ్యి చాచింది. “ఇంకింత ఉన్నదా?”

పోసిచ్చాడు. ఆమె నోరు పుక్కిలించలేదు. గుక్క తీసుకుని కళ్లు మూసుకుంది. గిద్యోను అలవాటుగా ఆమె పక్కకు వంగడానికి వీలుగా జరిగి, భుజం ఆసరా ఇచ్చాడు. ఆమె వంగలేదు. గొంతు ఒకసారి పైకి లేచి దిగింది.

“మింగినవా?”

“ఊఁ.”

“ఎందుకే?”

“ఏమో.” కళ్లు తెరవకుండానే అంది. “లోపటికి వోతే ఇంకో తీరుంటది. నోట్లె ఉన్నప్పుడు తెల్వదు. ఇన్నేండ్లు నీకు సగం రుచే జెప్పిన.”

“ఎట్లుంటది?”

“నేను జెప్ప. నువ్వు తాగి జూడు.”

గ్లాసు ఆయన చేతికిచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది. గిద్యోను దుప్పటి కప్పాడు.  ఏదో ఒకటి అనాలి. వచ్చే ఆదివారం గుళ్లె నిలవడి జెప్త అనాలనుకున్నాడు. జెప్త అనే మాట ఈ ఇంట్లో ఎన్నిసార్లు అన్నాడో తలచుకుని ఊరుకున్నాడు. పొద్దున తెరిచిన కోడె జాడీ మూత తీసే ఉందని గుర్తొచ్చింది. గాలి తగిలితే చెడిపోతుంది. అర్రలోకి పోయి, మైనం కరిగించి, మూతి చుట్టూ పోసి, చల్లారేదాకా కూర్చుని, ఇసుక తడిపి వచ్చాడు.

ఆయన వచ్చేసరికి గంగి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పోచమ్మ తల కింది చెయ్యి తీసి తిన్నగా పెడుతోంది.

“గిద్దన్నా,” అంది. “పిలిస్తే పలుకుతలేదని వచ్చిన.”

గిద్యోను మంచం పట్టె పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. పోచమ్మ పెదవుల మధ్య నేరేడు రంగు సన్నని గీత ఉంది. ఊసే ఓపిక లేక మింగిందా. కోపం వచ్చి మింగిందా. నువ్వు చెప్పకపోయినా నేను మీ బల్లకు వచ్చేస్తున్నానని మింగిందా. ఆయన ఆ ముఖాన్ని చూస్తూ కూర్చున్నాడు. కనుబొమలు విడివడి ఉన్నాయి. వాటిని బట్టి ఏమీ తెలియలేదు.

*

గంగి కొడుకు ఫోను చేస్తే మధ్యాహ్నం దాటేసరికి ఘనపూర్ నుంచి పోచమ్మ తమ్ముడు దామోదర్ ట్రాక్టరు కట్టుకుని వచ్చాడు. పొద్దున వడ్లు దింపిన ట్రాలీలో గడ్డి పరిచి ఉంది. గంగి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఇంటి వెనక చాపలు అడ్డం కట్టి పోచమ్మకు స్నానం చేయించారు. దామోదర్ తెచ్చిన కొత్త చీర కట్టారు. నుదుట రూపాయంత బొట్టు పెట్టారు.

అయ్యగారు, వీరేందర్ కబురు అందగానే వచ్చారు. అయ్యగారు గిద్యోను పక్కన నేల మీదే కూర్చున్నారు. 

గిద్యోను ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. గుళ్లో సాక్ష్యం చెప్పేవాళ్లు నిలబడ్డట్టు చేతులు ముందు కట్టుకున్నాడు.

“రసం రుచి జూసేది నేను గాదు,” అన్నాడు.  “మా పోచమ్మ. పోచమ్మనే. మొదటి సంది ఆమెనే. నేను ఒక్కసారి గుడ ముట్టలే. ఆమె నోట్లె పోసుకొని ఊసేది. ఊసి జెప్పేది. గదే నేను మీకు ఇచ్చిన.”

ఎంగిలి అన్న మాట కోసం ఎదురుచూశాడు. ఎవరూ అనలేదు. వీరేందర్ తల గోక్కున్నాడు.

“అందరికి ఎరుకనే గద గిద్దన్నా,” అన్నాడు ఇబ్బందిగా. “తువ్వాల కింద గ్లాసు వెట్టుకొని గోడకాడికి వోతుంటే చిన్నప్పటిసంది జూస్తున్నం. మా అమ్మ అంటుండె, పోచమ్మ ఊసిందాక రసం బయటికి రాదు అని. నీకే జెప్పబుద్ధి గాదేమోనని మేం ఎత్తలే.”

గిద్యోను నిలబడే ఉన్నాడు. కట్టుకున్న చేతులు ఎప్పుడు విడిపోయాయో ఆయనకు తెలియలేదు. అయ్యగారు ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

“నాకు ఎరుకలేదన్నా,” అన్నారు. “పొద్దున అడిగిన గద. పొద్దున ఒక్క మాట జెప్పకపోతివా. అప్పుడే గోడ దాటి వచ్చి ఆమె చేతులు వట్టుకొని అడుగుదును.”

“ఆమెను మా అమ్మానాయినల పక్కన…” గిద్యోను పూర్తి చేయలేదు.

అయ్యగారు వీరేందర్ వైపు చూశారు. వీరేందర్ కాసేపు గుడి వైపు చూశాడు. “బాప్తిస్మం నీళ్లు తీసుకోలే గదన్నా,” అన్నాడు. “నా ఒక్కనితోని గాదు. మిగిలిన ఊళ్ల పెద్దలున్నరు. రేపు మల్ల ఇంకొకరు అడుగుతరు. నాకు మాత్రం ఆమె మీద ఏమున్నది చెప్పు.” కొంచెం ఆగి, “తీసుకుంటనన్నదా ఎప్పుడన్నా?” అని అడిగాడు.

“అన్నది,” అన్నాడు గిద్యోను. “నేనే…”

దామోదర్ అంతవరకూ ట్రాలీ పక్కన నిలబడి వింటున్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. “బావా, ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టు,” అన్నాడు. “ఇన్నేండ్లు గోడ బయట్నే ఉన్నది. ఇప్పుడు లోపటికి తీస్కపోనీకి బతిమిలాడుకునుడేంది? మా చెలకల మా అవ్వ పక్కన జాగ ఉన్నది. పొద్దు గూకకముందే వోవాలె.” అయ్యగారి వైపు తిరిగి, మాట తగ్గించి అన్నాడు: “మీరు గుడ రావొచ్చు సారూ. మీ ప్రార్థన మీరు జేసుకోండ్రి, మా తీరు మేం జేస్తం. అక్క ఎవల్ని వద్దనదు.”

అయ్యగారు వస్తానన్నారు. పోచమ్మను ఎత్తి ట్రాలీలో గడ్డి మీద పడుకోబెట్టారు. దామోదర్ చెయ్యిచ్చి బావను పైకి లాగాడు. గిద్యోను ఆమె తల దగ్గర కూర్చున్నాడు. ట్రాక్టరు గుర్రుమని, కంకర రోడ్డు మీదికి తిరిగింది. గిద్యోనుకు గోడ ఇప్పుడు మొదటిసారి పై నుంచి కనిపించింది. ఇన్నేళ్లలో ఇంత ఎత్తు నుంచి ఆయన దాన్ని చూడలేదు. రెండు వైపులా ఒకటే మట్టి, ఒకటే ఎండుగడ్డి.

స్నానం చేయించినప్పుడు విప్పిన పాత చీరను గంగి జాడించి, పిండి, ఆరేయడానికి వేరే చోటు లేక ప్రహరీ కుంగిన చోట వేసినట్టుంది. వెలిసిపోయిన ఆకుపచ్చ నూలు చీర. సగం ఇంటివైపు, సగం గుడివైపు. కొంగు లోపలి పక్కన వేలాడుతోంది, కొసనుంచి నీళ్లు చుక్కచుక్కగా అటువైపు మట్టిలో పడుతున్నాయి.